పడవకి పెట్టిన చెవి

కాకినాడ కొట్లో ఆయన అడిగిన మొదటి ప్రశ్నకే తప్పు సమాధానం చెప్పాను.

"మీ బోటు చెక్కదాండి, ఫైబరాండి?"

"ఫైబరేనండి," అన్నాను, కాస్త గర్వంగానే.

మూడేళ్ళ కిందట మా పడవకి లోపలా బయటా ఫైబర్ తొడుగు వేయించాం. అప్పటి నుంచి మా రేవులో అందరూ దాన్ని ఫైబర్ బోటనే అంటున్నారు, నేనూ అంటున్నాను. తొడుగు లోపల మా నాన్న నాటి టేకు పలకలు అలాగే ఉన్నాయన్న సంగతి ఆ క్షణాన నాకు తట్టలేదు. కొత్త చొక్కా తొడుక్కున్నవాడికి లోపలి చిరుగుల బనీను గుర్తుంటుందా?

నేను కొనడానికి వెళ్ళింది చేపల్ని చూపించే మిషను. ఫిష్ ఫైండర్ అంటారు. అరచేతికి కొంచెం పెద్దదైన తెర ఒకటి, దానికి తీగ, తీగ చివర ట్రాన్స్‌డ్యూసర్ అనే నల్లటి ముక్క. అసలు పనంతా ఆ ముక్కదే. నీళ్ళలోకి చప్పుడు పంపి, అది నేలకి తగిలి తిరిగొచ్చేదాకా చెవొగ్గి వింటుంది. ఎంతసేపటికి వచ్చిందన్నదాన్ని బట్టి లోతు తెర మీద పడుతుంది. మధ్యలో చేప అడ్డొస్తే అదీ కనబడుతుంది. నిజం చెప్పాలంటే నేను వెళ్ళింది చేపల కోసం కాదు. పండుగప్ప ఏ మడుగులో దాక్కుంటుందో, కొయ్యింగలు ఏ పోటుకి వస్తాయో నలభై ఏళ్ళుగా తెలిసినంత తెలుసు, తెలియనిది ఇక తెలియదు. నాకు కావలసింది లోతు చెప్పేవాడు. అంతవరకూ ఆ పని చేసిన మనిషి నాతో మాట్లాడటం మానేసి అప్పటికి రెండు నెలలు.

ఆ మనిషి మా బావ. మా అక్క భర్త.

మా ఊరు కోటిపల్లికీ యానానికీ మధ్య, గౌతమి గట్టు మీద. ఇక్కడ గోదావరి వెడల్పు చూసి కొత్తవాళ్ళు భయపడతారు గాని, భయపడవలసింది లోతు లేని చోట్లకి. ప్రతి వరదకీ ఇసుక మేటలు చోటు మారతాయి. నిన్న రెండు నిలువుల నీరున్న చోట ఇవాళ కొంగ నిలబడి ఉంటుంది. అందుకని మా రేవులో పడవకి ఇద్దరు ఉండి తీరాలి. ఒకడు ముందు మొన మీద నిలబడి వెదురు గెడతో లోతు చూస్తాడు. రెండోవాడు వెనక ఇంజను దగ్గర కూర్చుని పడవ నడుపుతాడు. గెడ వేసినవాడు "రెండు బారలు", "బారన్నర", "బార" అని కేకేస్తాడు. రెండు చేతులూ అటూ ఇటూ చాపితే ఎంతో, అంత ఒక బార. వెనకవాడు ప్రతి కేకకీ "ఊ" అనాలి. ఊ రాకపోతే ముందువాడు గెడని నేలకి తన్ని పడవ ఆపేస్తాడు. అలిగి మాట్లాడుకోని రోజైనా సరే, ఊ మాత్రం మానకూడదు. మొగుడూ పెళ్ళాం కలిసి వేటకెళ్ళే పడవల్లోనూ ఇదే పద్ధతి. తెల్లారి ఇంట్లో కొట్టుకుని వచ్చినవాళ్ళు కూడా నీళ్ళ మీద ఊ అంటూనే ఉంటారు.

ముప్ఫై ఏళ్ళు బావ ముందు, నేను వెనక. ముప్ఫై ఏళ్ళలో నేను చూసింది ఎక్కువగా ఆయన వీపే. మాటలు తక్కువ మనిషి. చుట్ట పక్కపంట నొక్కిపెట్టి, లుంగీ ఎగ్గట్టి నిలబడేవాడు. గెడకి అరబారకొకటి చొప్పున ఎర్రగుడ్డ పేలికలు చుట్టాడు. తడి ఏ పేలిక దాకా ఎక్కిందో చూసి కేకేసేవాడు. నేను ఊ అనేవాణ్ణి.

ఒక్కసారి మాత్రం ఊ అన్నాను గాని వినలేదు. నాలుగేళ్ళ కిందటి మాట. ఎవరో పాత వలకట్టు గుంజలు పీకకుండా వదిలేశారు. "గుంజుందిరా, ఎడమకి కొట్టు," అని బావ అరిచాడు. నేను ఫోనులో క్రికెట్ స్కోరు చూసుకుంటూ "ఊ" అన్నాను. అలవాటుగా వచ్చేసింది. పడవ తిన్నగా వెళ్ళి గుంజ మీద ఎక్కింది, అడుగున పలక చిట్లింది, బావ నీళ్ళలో పడ్డాడు. పైకి తేలి, తల విదిలించుకుని, పడవ అంచు పట్టుకుని నా వంక చూశాడు. ఏమీ అనలేదు. ఆ వారం నేను నిడదవోలు పెళ్ళికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అతుకు ఆయనే వేసేసి తారు పూసేశాడు. ఆ తర్వాత ఏడాది దాని మీద ఫైబర్ తొడుగు పడింది. నేను ఆ సంగతి మర్చిపోయాను. మర్చిపోవడంలో నన్ను మించినవాడు లేడు.

బావ కుర్రతనంలో కాకినాడ పెద్ద బోట్లలో ఇంజను గదిలో పనిచేశాడు. ఆ మోత ప్రభావం అరవై దాటాక బయటపడింది. ముందు పిలుపులు వినబడటం మానేశాయి, తర్వాత మాటలు. చెవికి మిషను పెట్టించాం. గాలికి ఈల వేస్తోందని దాన్ని తీసేసి మా అక్క పోపులపెట్టెలో పడేశాడు. గెడ వేయడానికి చెవులు అక్కర్లేదు, నిజమే. కానీ ఊ వినాలంటే కావాలి కదా.

భాద్రపదంలో వరద తీసిన కొత్తలో ఓ పొద్దున వేట నుంచి తిరిగొస్తున్నాం. రేవు ముందు కొత్త మేట పడింది. బావ "బార" అన్నాడు. నేను ఊ అన్నాను. ఆయనకి వినబడలేదు. మళ్ళీ "బార" అన్నాడు. నేను గొంతు చించుకుని ఊ అన్నాను. మూడోసారికి ఆయన గెడ తన్ని పడవ ఆపేశాడు. ఎర్ర నీటి వడి ఇంకా తగ్గలేదేమో, పడవ అడ్డం తిరిగింది. వెనకొచ్చే రెండు పడవలవాళ్ళు కేకలు. ఎలాగో ఒడ్డుకి చేరాం. రేవులో పదిమంది ఉన్నారు. ఒకాయన "ఏంటండీ, నడి నీళ్ళలో నాట్యమాడుతున్నారు?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

"మా బావతో వేటంటే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టేనండి," అన్నాను. గట్టిగానే అన్నాను. ఆయనకి వినబడదన్న ధీమా.

అందరూ నవ్వారు. బావ వంగి గెడ కడుగుతున్నాడు. తలెత్తి నవ్వుతున్న మొహాల్ని ఒక్కొక్కటే చూశాడు, చివర నా మొహం చూశాడు. నేను అప్పటికి నవ్వు ఆపలేదు.

మర్నాడు తెల్లారి తలుపు తీసేసరికి గెడ మా ఇంటి గోడకి ఆనించి ఉంది. బావ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అమ్మ చెప్పి చెప్పి అలిసిపోయింది, పాపం. నేను వాళ్ళింటికి వెళ్ళాను. వెళ్ళలేదని ఎవరూ అనుకోవద్దు. ఆయన వసారాలో వల చిక్కు తీసుకుంటున్నాడు. గుమ్మం దగ్గర నిలబడి "బావా" అన్నాను. తలెత్తలేదు. వినబడక ఎత్తలేదా, నేను వచ్చానని తెలిసే ఎత్తలేదా, నాకు తెలియలేదు. తెలుసుకునే ధైర్యం లేక వచ్చేశాను.

మా ఆవిడ పోయి ఆరేళ్ళు. పిల్లలు లేరు. ఇంట్లో చప్పుడు చేసేవి కుక్కరూ, టీవీ. మనిషి గొంతు నేను వినేది పడవలోనే. అది కూడా బార, బారన్నర తప్ప పెద్దగా ఏమీ ఉండేది కాదు. ఇంతాచేసి రోజుకి ఓ ఇరవై మాటలు. ఆ ఇరవై మాటలు పోతే ఇంత బోసిగా ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మేవాణ్ణి కాను.

ఇంకొకర్ని పెట్టుకోవచ్చు కదా అంటారు. రేవులో ఇద్దరు ముగ్గురు వస్తామన్నారు కూడా. నాకే మనసొప్పలేదు. ఆ మొన మీద ఇంకొకడి వీపు చూడలేను. ఒక్కణ్ణే వెళ్ళడం మొదలుపెట్టాను. తెలిసిన నీళ్ళలోనే తిరుగుతూ ఎలాగో నెట్టుకొచ్చాను. రెండు నెలలు కావస్తుండగా ఓ రోజు పడవ మేట మీద కూర్చుండిపోయింది. పాటు మొదలై నీరు వెనక్కి తీస్తోంది, తోయడానికి రెండో చెయ్యి లేదు. మళ్ళీ పోటు తిరిగేదాకా నది మధ్య ఇసుక మీద గొంతుక్కూర్చున్నాను. చుట్టూ అంత గోదావరి. పట్టిన జెల్లలు ఎండకి వాసన పడుతున్నాయి. కొంగలు దగ్గరగా వచ్చి, నన్ను మనిషి కింద లెక్కవేయకుండా పక్క నుంచే నడిచి వెళ్ళాయి. ఆ రోజే అనుకున్నాను, లోతు చెప్పే మిషను ఏదైనా తెచ్చుకోవాలని. రెండు రోజుల తర్వాత ద్రాక్షారామంలో బస్సు మారి కాకినాడ వెళ్ళాను.

కొట్లో ఆయన ఓపిక ఉన్నవాడు. బల్ల మీద మూడు రకాల ముక్కలు పెట్టాడు. ఒకటి కంచుది, బరువుగా ఉంది. దానికి పడవ అడుగున గుండ్రంగా కన్నం పెట్టి దించాలిట. నేను వెంటనే తోసేశాను. మా నాన్న పడవకి అడుగున కన్నం పెట్టే పాపం నాకెందుకు. రెండోది పడవ వెనక పలకకి బయట బిగించేది. మూడోది లోపలి నుంచే అడుగుకి బంకతో అంటించేది.

"ఫైబరన్నారు కదండి, ఇదే బాగుంటది. బయట ఏమీ ఉండదు, వల తగలదు, గుంజ తగలదు. ఫైబర్‌లోంచి సౌండు దూరిపోద్దండి," అన్నాడు. "మీకు లోతెంతుంటదండి?"

"మోకాల్లోతు నుంచి ఐదారు బారల దాకా ఉంటదండి."

"అయితే వెడల్పుగా చూసేది తీసుకోండి. సన్నగా చూసేది సముద్రానికండి. తక్కువ నీళ్ళలో సన్నగా చూసేదైతే పడవ కింద చెంబంత మేరే కనబడుద్ది."

తర్వాత తెర వెలిగించి, లోతు అడుగుల్లో చూపించమంటారా, మీటర్లలోనా అని అడిగాడు. "బారల్లో చూపిస్తదేంటండి?" అన్నాను వేళాకోళంగా. ఆయన ఏవో మీటలు నొక్కి తల పైకెత్తాడు. "ఫాదమ్స్ అని ఉందండి. ఆరడుగులు. అంటే మన బారేనండి. ఇంగ్లీషోళ్ళు కూడా చేతులు చాపే కొలిచుంటారు."

ఇది బావకి చెప్పాలి అనుకున్నాను. ఎంత సహజంగా అనుకున్నానంటే, ఫోను తీద్దామని జేబులో చెయ్యి కూడా పెట్టాను. తర్వాత గుర్తొచ్చింది.

వచ్చేముందు కొట్టాయన ఇంకోమాట చెప్పాడు. "బంక పెట్టే ముందు పడవలో ఆ చోట కాసిన్ని నీళ్ళు పోసి, ఇది ఆ నీళ్ళలో ఆనించి, అంకె వస్తందో లేదో చూసుకోండి. వచ్చిన చోటే అంటించండి. మర్చిపోకండి."

"ఊ," అన్నాను.

ఇంటికొచ్చి, నీళ్ళూ లేదు, చూడటమూ లేదు, ఉప్పుకాగితంతో గీకి రెండు గొట్టాల బంక కలిపి అంటించేశాను. పన్నెండు వోల్టుల బ్యాటరీని ప్లాస్టిక్ డబ్బాలో దింపి తీగలు కలిపాను. మర్నాడు పడవ నీళ్ళలోకి తోసి మీట నొక్కితే తెర వెలిగింది గాని లోతు రాలేదు. అంకె ఉండాల్సిన చోట మూడు గీతలు ఆరుతూ వెలుగుతూ ఉన్నాయి. పడవ ముందుకి తీసుకెళ్ళినా గీతలే, వెనక్కి తీసుకెళ్ళినా గీతలే. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కొట్టాయనకి ఫోను చేసి నోటికొచ్చినట్టు అన్నాను. ఆయన అంతా విని, నెమ్మదిగా అడిగాడు.

"ఫైబర్ లోపల చెక్కేమైనా ఉందాండి?"

మా నాన్న టేకు పలకలు నాకు అప్పుడు గుర్తొచ్చాయి.

"చెక్కుంటే సౌండు లోపలే చచ్చిపోద్దండి. అందుకేనండి నీళ్ళు పోసి చూడమంది."

అంటించినదాన్ని ఉలితో ఊడదీస్తే రెండు ముక్కలైంది. మళ్ళీ బస్సెక్కి వెళ్ళి, వెనక పలకకి బిగించే రకం తెచ్చుకున్నాను. ఆయన ఏమీ దెప్పలేదు. దెప్పి ఉంటే కొంచెం తేలికపడేవాణ్ణి.

ఈసారి బుద్ధిగా చేశాను. పాటు సమయంలో పడవని బురద మీదికి లాగి, పలకకి నేరుగా మరలు దిగకుండా ముందు ఓ చిన్న చెక్క దిమ్మని అంటించి, ఆ దిమ్మకి ముక్కని బిగించాను. కొట్టాయన కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు: ముక్క మొహం పడవ అడుగు కంటే వెంట్రుక వాసి కిందికి ఉండాలి, తల కొంచెం పైకి, తోక కొంచెం కిందికి. ఇంజను ఫ్యాను కుడిచేతి వాటంగా తిరిగేదైతే కుడివైపున పెట్టుకోవాలి. మాది అదే వాటం. కుడివైపునే పెట్టాను. పడవ నీళ్ళలో దిగగానే తెర మీద 0.9 అని పడింది. దగ్గరున్న వెదురుబద్ద ముంచి చూశాను. బారలో పదికి తొమ్మిది పాళ్ళూ ఉంది. ఒక్కణ్ణే పకపకా నవ్వాను.

ఆ నవ్వు మేట దాకా కూడా రాలేదు. ఇంజను వేగం పెంచానో లేదో తెరంతా దూది ఏకినట్టు తెల్లగా అయిపోయింది, అంకె ఎగిరిపోయింది. వేగం తగ్గిస్తే వస్తుంది, పెంచితే పోతుంది. ముక్కని అరంగుళం దించాను. తల వంచాను, తోక ఎత్తాను. తీగని ఇంజను తీగకి దూరంగా జరిపాను. మూడు రోజులు అదే పని. కాగితంలో కుడివైపని ఉంది కాబట్టి కుడివైపే. నేను పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్ళు.

ఈ మూడు రోజులూ బావ రేవులో ఉన్నాడు. గట్టు కింద ఓ పాత దోనె బోర్లించి ఉంటుంది. దాని మీద కూర్చుని వల అల్లుకుంటూ, మధ్యమధ్యలో తల ఎత్తి నా వైపు చూస్తున్నాడు. అంటే, నా వైపు కాదు, పడవ వైపు. నాకు సిగ్గుగా ఉండేది. నీ బదులు ఇదిగో ఈ నల్ల ముక్కని తెచ్చుకున్నాను అని ఆయన కళ్ళెదురుగా చెబుతున్నట్టుండేది. చెప్పకూడదనుకున్న మాటే చేతులతో చెబుతున్నాను.

రెండో రోజు సాయంత్రం మా అక్క కూర గిన్నె పట్టుకుని వచ్చింది.

"వెళ్ళి ఓ మాట చెప్పొచ్చు కదరా తమ్ముడూ?"

"ఏం చెప్పనే? చెబితే వినబడాలి కదా?"

"వినబడకపోతే మొహం కనబడదా ఏంటి ఆయనకి?" అని గిన్నె అరుగు మీద పెట్టి వెళ్ళిపోయింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. మా రేవులో అడుసు తొక్కకుండా ఇంటికొచ్చే దారి లేదు. కాలు కడుక్కోవడమే నాకు చేతకాలేదు.

నాలుగో రోజు పొద్దున పడవ బురద మీద ఉంది. నేను వెనక పలక దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని మళ్ళీ మర వదులు చేస్తున్నాను. పక్కన నీడ పడింది. బావ. చేతిలో ఇటుక ముక్క ఉంది. నన్ను చూడలేదు. పడవ కుడివైపు వంగి, అరచెయ్యి అడుగుకి ఆనించి, మొన నుంచి వెనక్కి నెమ్మదిగా నడిపించాడు, పశువు డొక్క నిమిరినట్టు. సగం దాటాక చెయ్యి ఆగింది. అక్కడ ఇటుకతో గుండ్రంగా గీశాడు. ఆ గుండ్రం నుంచి వెనక్కి తిన్నగా ఓ గీత లాగాడు. గీత సరిగ్గా వచ్చి నేను బిగించిన ముక్క మీద ఆగింది.

నేను కూడా చెయ్యి పెట్టి చూశాను. ఫైబర్ కింద సన్నటి ఉబ్బు. కంటికి ఆనదు, వేలికి తెలుస్తుంది. పడవ జోరు మీదున్నప్పుడు నీరు ఆ ఉబ్బుకి తట్టుకుని నురగ లేస్తోంది, ఆ నురగంతా ముక్క మీదికి పోతోంది.

"అతుకిక్కడుందిరా," అన్నాడు బావ. తన గొంతు తనకి వినబడనివాళ్ళు మాట్లాడినట్టు, పెద్దగా. "నువ్వు ఊ అన్న నాటిది."

లేచి ఎడమవైపుకి వెళ్ళి, వెనక పలక మీద, ఫ్యానుకి మూరెడు ఎడంగా ఇటుకతో ఇంటూ గుర్తు పెట్టాడు. ఇటుక ముక్క బురదలో పారేసి, వెళ్ళి దోనె మీద కూర్చున్నాడు. "బావా," అన్నాను. వెనక్కి తిరగలేదు. నాలుగేళ్ళ కింద ఏమీ అనని మనిషి, మొన్న అందరి ముందూ నేనన్నదానికి కూడా ఏమీ అనని మనిషి, మరి ఇది మర్చిపోలేదు. అయినా వచ్చి ముక్క ఎక్కడ పెట్టాలో చూపించాడు. నేను మేట మీద ఇంకోసారి కూర్చుండిపోకూడదని. నాకు తన్ను తిన్నట్టయింది.

ఎడమవైపు ఆయన గుర్తు పెట్టిన చోటే బిగించాను. మర్నాడు చీకటి విడుతుండగా బయల్దేరాను. జోరు పెంచినా అంకె చెక్కుచెదరలేదు. రెండున్నర, మూడు, మూడుంబావు. నేల గీత తెర మీద మెట్లు మెట్లుగా దిగుతోంది. దాని మీద అక్కడక్కడా వంకర చుక్కలు, చేపలు. ఇన్నేళ్ళూ చేత్తో తడుముకున్నది ఇప్పుడు కళ్ళకి కనబడుతోంది. చెప్పుకోదగ్గ సంగతే. చెప్పడానికి ఎవరూ లేరు.

బార కంటే తక్కువ నీరొస్తే కూత పెట్టేలా మిషనుని అమర్చాను. పెద్ద మేట దగ్గరకి రాగానే అది కీక్ మంది.

"ఊ," అన్నాను.

అనేశాక నాకే వినబడింది. మిషను మళ్ళీ కీక్ మంది. నేను ఊ అన్నా కూస్తుంది, అనకపోయినా కూస్తుంది. నేను విన్నానా లేదా అన్నది దానికి పట్టలేదు. పడవ ఆపదు. నా మూలాన నీళ్ళలో పడదు. ఇంజను ఆపేసి కూర్చున్నాను. నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడానికి ఎదురుగా ఎవరూ లేరు కాబట్టి ఏడ్చాను. ఆ రోజు వల ఎన్నిసార్లు వేశానో, ఏం పడ్డాయో గుర్తు లేదు.

ఆ మర్నాడు బయల్దేరేటప్పుడు గోడకి ఆనించిన గెడని తీసుకుని పడవలో వేసుకున్నాను. రెండు నెలలుగా దాన్ని ముట్టుకోలేదు. ఎర్ర పేలికల్లో సాలీడు గూడు పెట్టింది.

వేట ముగించి వస్తుంటే ఎండ ఎక్కింది. పోటు నీరు రేవు వైపుకే మెల్లగా తోస్తోంది. మేట ఇవతల ఇంజను ఆపేశాను, తెర కూడా ఆర్పేశాను. గెడ తీసుకుని మొన మీదికి వెళ్ళి నిలబడ్డాను. ముప్ఫై ఏళ్ళలో నేను ఆ చోట నిలబడటం అదే మొదలు. అక్కడ కాళ్ళ కింద పడవ ఇంత ఊగుతుందని నాకు తెలియదు. రేవులో అక్క మరో ఇద్దరు ఆడవాళ్ళతో కలిసి చేపల బుట్టలు కడుగుతోంది. బావ దోనె మీద తల వంచుకుని వల అల్లుకుంటున్నాడు.

గెడ వేశాను. పైకెత్తి పేలిక చూశాను. "బారన్నర!" అని కేకేశాను.

బావ తల ఎత్తలేదు. ఆడవాళ్ళు ఎత్తారు.

రెండోసారి వేశాను. "బారంబావు!"

లేదు. ఎవరో నవ్వారు. "ఎవరికి చెబుతున్నారండీ?" అని ఒడ్డు నుంచి కేక. నా చెవులు వేడెక్కాయి. పది మందిలో నవ్వులపాలవడం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

మూడోసారి వేశాను. "బార!"

ఊ రాలేదు. ఊ రాకపోతే ఏం చేయాలో రేవులో అందరికీ తెలుసు. గెడని నేలకి తన్నిపెట్టి, దాని మీద బరువంతా వేసి, పడవ ఆపేశాను. ఒడ్డు ఎంతో దూరం లేదు. నాలుగు తోపులు తోస్తే చేరిపోతాను. తోయలేదు. అలాగే పట్టుకుని నిలబడ్డాను. వెనక నుంచి వస్తున్న పడవవాడు కేకలేసి, పక్క నుంచి తిప్పుకుని వెళ్ళాడు. నవ్వులు ఆగిపోయాయి. అక్క బుట్ట కింద పెట్టేసి, చీరకి చేతులు తుడుచుకుంటూ నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూస్తోంది. ఆవిడ పిలవలేదు. పిలిస్తే ఏం లాభం?

ఎంతసేపో తెలియదు. అందరూ ఒక్కవైపే చూస్తుండటం కనబడిందేమో, బావ తల ఎత్తాడు. నీళ్ళ మధ్య ఆగిపోయిన పడవని చూశాడు. మొన మీద నన్ను చూశాడు. నా చేతుల్లో గెడని చూశాడు. నేను దాన్ని నేలలోంచి పీకి, తడి కనబడేలా రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాను. తడి రెండో ఎర్ర పేలిక దాకా ఉంది. నా మొహం మీద ఏముందో నాకు తెలియదు. ఆయనకి కనబడే ఉంటుంది.

బావ వల పక్కన పెట్టాడు.

"ఊ!" అన్నాడు.

తనకి వినబడదు కాబట్టి ఎంత గట్టిగా అన్నాడో ఆయనకి తెలియదు. అవతలి గట్టు దాకా వినబడి ఉంటుంది.

ఆయన మళ్ళీ పడవ ఎక్కలేదు. ఇక ఎక్కడు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. లోతు నీళ్ళలో నాతో ఉండేది ఇప్పటికీ ఆ మిషనే. దాని కూతకి ఊ అనడం మానేశాను. కానీ ఆ పొద్దున ఒడ్డుకి చేరడానికి నాలుగు గెడలు చాలు, నేను పది వేశాను. పదింటికీ ఊ అన్నాడు.